గుడిస్తే చుక్క

నాకు అనుమానం జబ్బు. ఈ మాట మా ఆవిడ శాంతి పెళ్ళయిన మూడో నెలలో అంది, ఇప్పటికీ అంటూనే ఉంది. పాలల్లో ఎన్ని నీళ్ళు కలిపారోనని, ఆటోవాడు చుట్టుదారిన తీసుకుపోతున్నాడేమోనని, పిల్లలు పక్కవాడి పలక తెచ్చి తమదేనని చూపిస్తున్నారేమోనని నా బుర్ర ఎప్పుడూ అటే పోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ పంతులుద్యోగంలో అది ముదిరిందే గాని తగ్గలేదు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే చివర్లో నన్ను తిట్టుకునేవాళ్ళకి కాస్త సులువుగా ఉంటుంది. నేను చెప్పబోయేది రత్నం టీచరు గురించి. నా అనుమానం పక్కన పెట్టి ఆవిడ గురించి చెప్పడం మాత్రం నావల్ల కాదు.

మా బడి పొదిలికీ దర్శికీ మధ్య, మా పల్లెలో ఉంది. చుట్టూ మిరపచేలు, పత్తిచేలు. రెండు గదులు, ఒక వరండా, వంటకి ఒక రేకుల షెడ్డు. ఒకటి నుంచి ఐదు దాకా ఇరవై ఇద్దరు పిల్లలు. హెడ్మాస్టర్ని నేను, నా పేరు ప్రకాష్. నాతోపాటు ఇంకొక్క పోస్టుంది. ఆ పోస్టులోకి వచ్చినవాళ్ళెవరూ నిలబడలేదు. ఎండనీ, బస్సు లేదనీ ఏదో ఒక వంక పెట్టి ఏడాది తిరక్కుండా చక్కా పోయేవాళ్ళు. మళ్ళీ ఇంకో మనిషిని వేసేదాకా ఐదు తరగతులూ నా నెత్తినే.

పోయినేడు జూన్‌లో బదిలీ ఆర్డరు పట్టుకుని ఒకావిడ ఆటో దిగింది. నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. నేత చీర, మెడ చుట్టూ నిండా కప్పుకున్న పైట, చేతిలో గొడుగు, భుజాన రెండు బరువైన సంచులు. ఆర్డరులో పేరు కె.ఎస్. రత్నం అని ఉంది. పేరు చదివి మొహం చూశాను. బొట్టు లేదు.

మా పల్లెలో బొట్టు పెట్టుకునే ఆడమనిషి లేదు. రెండు మూడు సాయిబుల ఇళ్ళు తప్పిస్తే అందరం బాప్తిస్మం పొందిన కుటుంబాలవాళ్ళమే. పైగా మా సంఘంలోనే ముగ్గురు రత్నాలున్నారు, జీవరత్నం, దయారత్నం, మా పిన్ని కూతురు ప్రేమరత్నం. బొట్టు లేని మొహం, రత్నం అనే పేరు. ఇంకేం కావాలి? ‘ఎస్’ అంటే సంతోషమో సువార్తో అయ్యుంటుందని నేనే తేల్చేశాను. అనుమానాల మనిషినై ఉండి, అనుమానించాల్సిన ఒక్కచోట హాయిగా నమ్మి కూర్చున్నాను.

మధ్యాహ్నానికల్లా కబురు పల్లెంతా పాకింది. దానయ్య మామ స్వయంగా బడికొచ్చాడు. ఆయన నాకు వరసకి మేనమామ, సంఘ పెద్ద, మిరపకోతలకి ఆడకూలీలను తీసుకెళ్ళే మేస్త్రి. అక్షరం రాదు గాని గొంతు మాత్రం రెండు పొలాల అవతలికి వినపడుతుంది.

"మనమ్మాయేనంటగా! ఇన్నాళ్ళకి మనమ్మాయిని పంపాడు దేవుడు. ఏవమ్మా, మజ్జిగ తాగుతావా?"

ఆవిడ లేచి నిలబడి నమస్కారం పెట్టింది. అవునన్లేదు, కాదన్లేదు. మజ్జిగ మాత్రం తాగింది. ఆదివారం ఆరాధనకి రమ్మంటే "ఆదివారం ఇంటిపని ఉంటుందండీ" అంది. క్రిస్మస్‌కి పిలిస్తే వచ్చి వెనక కూర్చుంది, ప్రార్థన చేసేటప్పుడు అందరితోపాటు తల వంచింది, కేకు తిని వెళ్ళింది. మంచిపిల్ల, కాస్త మొహమాటస్తురాలు అనుకున్నాం.

మనిషి మనదేనని నమ్మాను గాని, ఆవిడ పద్ధతి మీద మొదటివారం నుంచే నాకు అనుమానం. తొమ్మిదింటి బడికి ఎనిమిదిన్నరకే వచ్చేది. గవర్నమెంటు ఉద్యోగంలో ముందొచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఆ సంచుల్లోంచి రోజుకొక వింత తీసేది. ఒకరోజు మిరప విత్తనాల ఖాళీ ప్యాకెట్లు ఒక కట్టెడు తెచ్చి, గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి, బట్టలారేసినట్టు వేలాడదీసింది. ఒకటో తరగతి పిల్లల చేత వాటిమీద మాటలు చదివిస్తోంది.

"ఇవెక్కడివండీ?" అన్నాను.

"చేలగట్ల మీద పారేస్తారు కదండీ, పిల్లలే ఏరుకొచ్చారు. కడిగి ఆరబెట్టాను. వాళ్ళ ఇళ్ళల్లో ఉండే అచ్చుకాగితం ఇదొక్కటే కదా. బొమ్మ ఎటూ తెలుసు, పక్కన అక్షరం చూస్తారు."

వినడానికి బాగానే ఉంది. నేను మాత్రం ఆ సాయంత్రం ప్యాకెట్లన్నీ తిరగేసి చూశాను, ఒకే కంపెనీవి అయితే కమిషనేదో ఉంటుందని. ఆరు రకాల కంపెనీలవి ఉన్నాయి. అప్పుడైనా ఊరుకున్నానా? ఆరుగురి దగ్గరా తీసుకుంటోందేమో అనుకున్నాను.

తర్వాత అట్టతో మిరపకాయలు చేసింది. ఎర్ర కాగితం అంటించిన జానెడు కాయలు, వాటికి ఊడదీసి పెట్టుకునే ఆకుపచ్చ తొడిమలు. కాయ మీద అక్షరం ఉంటుంది, తొడిమే తలకట్టు. మా పల్లె పిల్లలకి తొడిమ తీయడం ఎవరూ నేర్పక్కర్లేదు, తల్లుల పక్కన కూర్చుని చూసే పెరుగుతారు. తలకట్టు తీసి ఇంకొకటి పెట్టడం కూడా అంతే సులువని ఆవిడ లెక్క. నాలుగు, ఐదు తరగతులు నావి. కింది తరగతులకి నేను మనసుపెట్టి చెప్పి పదేళ్ళయింది. అటునుంచి వచ్చే కేకలూ నవ్వులూ వింటూ, చదువు చెబుతోందా, ఆటలాడిస్తోందా అని గొణుక్కునేవాణ్ణి.

ఇక చుక్కలు. ఎవరైనా కొత్తగా ఒకటి నేర్చుకుంటే ఆవిడ ఒక పాత గాజులపెట్టె మూత తీసేది. అందులో చిన్న చిన్న రంగు బిళ్ళలు. గోడమీద చార్టులో తన తరగతుల పిల్లల పేర్లు, పేరు పక్కన మైదాజిగురుతో ఒక చుక్క అంటించేది. చేతిమీద పెట్టుకోమని ఇంకొకటి ఇచ్చేది. చార్టులో పది చుక్కలైతే బహుమతి. ఆ బహుమతి ఏమిటో తెలిసినప్పుడు నా ఒళ్ళు మండింది. పది చుక్కలు తెచ్చుకున్న పిల్లో పిల్లాడో ఆరోజంతా బడిగంట కొట్టాలట!

ఆ గంట నాది. వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. నేనీ బడికొచ్చిన కొత్తలో ఒంగోలు నుంచి బస్సు మీద వేయించుకుని తెచ్చాను. ఇంకొకరి చేత ఎప్పుడూ కొట్టించలేదు. వేళకి కొడతారో కొట్టరోనని నా భయం.

"పెన్సిలో చాక్లెట్టో ఇవ్వచ్చు కదండీ," అన్నాను.

"చాక్లెట్టు తింటే అయిపోతుందండీ. గంట కొడితే ఊరంతా వింటుంది," అంది ఆవిడ.

గంట ఇచ్చాను గాని మనసు ఇవ్వలేదు.

ఆ గంట కోసం అందరికన్నా ఎక్కువ ఆశపడింది రెబెకా. దానయ్య మామ మనవరాలు. మూడో తరగతి. ఎదుటివాడి మొహం చూసి ఒక్కమాట పలకదు. నేను రెండేళ్ళు చూసి "దీనికి చదువు రాదు మామా" అని చెప్పేసిన పిల్ల. క్రిస్మస్ నాటికి నజ్మీన్ రెండుసార్లు గంట కొట్టింది, చిన్న యేసుపాదం మూడుసార్లు కొట్టాడు. రెబెకాకి ఆరు చుక్కలయ్యాయి. ఏడైనరోజు చెట్టుకింద నిలబడి గంటని చేత్తో తడిమి చూస్తుంటే నా కంటపడింది.

జనవరిలో ఆవిడ సర్వీసు రిజిస్టరు పాత బడి నుంచి మా దగ్గరికి వచ్చింది. మొదటి పేజీ తిప్పాను. కొమరగిరి సీతారత్నం. భర్త పేరు కొమరగిరి రాఘవశర్మ.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. సీతారత్నం! శర్మ! పూజారుల ఇంటి కోడలు. మరి బొట్టేదీ? బొట్టు తుడుచుకుని మరీ మన పల్లెలోకి ఎందుకొచ్చింది? మనమ్మాయి అంటుంటే ఏడు నెలలు నోరెందుకు విప్పలేదు? అప్పటిదాకా విడివిడిగా ఉన్న అనుమానాలన్నీ ఒక్కసారి వరసకట్టి నిలబడ్డాయి. నిజం చెప్పొద్దూ, కోపంతోపాటు కాస్త సంతోషం కూడా వేసింది. నేను ముందే అనుకున్నానని చెప్పుకునే అవకాశం దొరికింది కదా!

వంటషెడ్డులో పప్పు తిప్పుతున్న చాంద్‌బీకి మొదట చెప్పాను. ఆమె దర్శి నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చింది, పదేళ్ళుగా మా బడి వంటమనిషి.

"బొట్టు లేదని మీవాళ్ళల్లో కలిపేసుకున్నారా? నేనూ పెట్టుకోను గదా సారూ, నన్నూ చర్చిలో కలిపేసుకుంటారా ఏంది?" అని ఆమె పడీపడీ నవ్వింది. నవ్వాగాక గరిటె పక్కన పెట్టింది. "మొహాన బొట్టు లేకపోటానికి ఇంకో కారణం గూడా ఉంటది సారూ."

"ఏం కారణం, దొంగవేషం!" అని విసురుగా వచ్చేశాను. ఆమె ఏం చెప్పబోయిందో వినలేదు. శాంతికి చెప్పాను. శాంతి పక్కింట్లో చెప్పింది. రెండు రోజుల్లో పల్లెంతా మొహాలు మాడ్చుకుంది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆరాధనలో అందరం పాటకి లేచాం. రెబెకా ముందు వరసలో తాత పక్కన ఉంది. పాట సగంలో దానయ్య మామ గొంతు ఆగిపోయింది. ఆ గొంతు ఆగితే చర్చి మొత్తానికి తెలుస్తుంది. చూస్తే, పిల్ల నుదుటిమీద ఆకుపచ్చ బొట్టు. శుక్రవారం నాడు తొమ్మిదో చుక్క వచ్చింది దానికి. చేతిమీది బిళ్ళ తీసి, టీవీలో చూసినట్టు, ఉమ్ము రాసి నుదుట అంటించుకుంది.

మామ దాన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. వెనకే నేనూ వెళ్ళాను. కండువా తడిపి నుదురు ఎర్రగా అయ్యేదాకా తుడుస్తున్నాడు.

"ఎవరు పెట్టారే నీకిది? ఎందుకు పెట్టారు?"

పిల్ల ఏడుపులో ఏదో అంది. ఆయన వంగి విని, లేచి నావైపు చూశాడు. మొహం నల్లబడిపోయింది.

"విన్నావంట్రా ప్రకాశూ? గుడికొస్తే ఇచ్చిద్దంట! గుడికొస్తే బొట్టిస్తానని చెప్పిందంట పిల్లలకి!"

నేను విన్నది ఆయన చెప్పిన మాటే. పిల్లని మళ్ళీ అడగాలని కూడా నాకు తోచలేదు. అడగడమెందుకు, నాకు అన్నీ తెలిసిపోయినట్టే ఉంది.

సోమవారం నుంచి రెబెకాని బడికి పంపలేదు. అర్జీ రాయమన్నాడు మామ. మండలాఫీసుకి అర్జీ పెట్టి ఆవిణ్ణి వెళ్ళగొట్టాలి, లేకపోతే పిల్లలందర్నీ పొదిలి కాన్వెంటు బస్సెక్కిస్తానన్నాడు. ఆరోజే ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్తే బల్లమీది నోటుబుక్కు తెరిచాను. పిల్లల పేర్లు, పక్కన గుండ్రటి చేతిరాత. ఒక్క వరస కంటపడింది. ‘రెబెకా – గుడి రాదు. ఈ వారం వచ్చేలా చూడాలి.’ అడుగుల చప్పుడు వినపడి టక్కున మూసేశాను. ఇంకేం సాక్ష్యం కావాలి? రెబెకా గుడికి రాదట, వచ్చేలా చూస్తుందట!

ఆ రాత్రి భోజనం చేశాక అర్జీ రాశాను. నా చేతిరాత బాగుంటుంది. ‘విద్యార్థులను మతపరంగా ప్రలోభపెట్టుచున్నారు’ అనే మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను. ఐదుగురు పెద్దలు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. నా సంతకం ఒకటే మిగిలింది. అది పడితే ఆవిడ ఉద్యోగం ఎటుపోతుందో చెప్పలేం. విచారణ అంటారు, పేపర్లో వేస్తారు, ఎక్కడికో విసిరేస్తారు. అది తెలిసే రాశాను.

"మొహం మీద అడిగి మరీ పంపిద్దాం. చాటునెందుకు, మనమేమన్నా దొంగలమా?" అన్నాడు మామ.

శనివారం పదకొండింటికి ఐదుగురూ బడికొచ్చారు. సాక్ష్యానికి రెబెకాని తెచ్చారు. అర్జీ నా జేబులో ఉంది. పిల్లలు వరండాలో నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చాంద్‌బీ షెడ్డు గుమ్మంలో నిలబడింది. రత్నం టీచరు తాడుకి వేలాడే విత్తనాల ప్యాకెట్ల కింద, గోడకి ఆనుకుని నిలబడింది. ఎందుకొచ్చారో ఆవిడకి తెలియదు.

"అమ్మా టీచరుగారూ," అన్నాడు మామ. "మేం చదువుకోనోళ్ళం, ఉన్నదున్నట్టు అడుగుతా. గుడికొస్తే బొట్టిస్తానని మా పిల్లకి చెప్పారా, లేదా?"

ఆవిడ అర్థంకానట్టు చూసింది. "ఏ గుడండీ?"

"ఏ గుడో మాకేం తెలుసు? మీకు తెలియాల!"

"నేను గుడికి వెళ్ళే నాలుగేళ్ళయిందండీ. పిల్లల్ని ఎక్కడికి రమ్మంటాను?"

"చూశావా, ఎంత గడుసుగా చెప్తందో! ఏవే రెబెకా, మొన్న నాతో చెప్పిన మాట ఇక్కడ చెప్పు. భయపడమాక, చెప్పు!"

రెబెకా నేలచూపులు చూసింది. మామ ఇంకోసారి గద్దించాడు. పిల్ల వణికింది గాని నోరు విప్పలేదు. రత్నం టీచరు మామ వైపు చూడలేదు, నావైపూ చూడలేదు. బల్లమీది అట్ట మిరపకాయ ఒకటి తీసి, పిల్ల ముందు కింద కూర్చుంది.

"మొన్న ఎక్కడ ఆపాం మనం? అక్కణ్ణుంచి చెయ్యి తల్లీ."

రెబెకా చాలాసేపు కాయ వంకే చూసింది. తర్వాత మెల్లిగా తొడిమ ఊడదీసింది. పక్కన పెట్టెలోంచి గుండ్రంగా కత్తిరించిన ఇంకో ముక్క తీసి కాయ నెత్తిన పెట్టింది.

"మ," అంది. మళ్ళీ అంది. "మ గుడిస్తే మి."

ఇంకో రెండు కాయలు పక్కన పేర్చింది. "మి, ర, ప. మిరప." తలెత్తి తాడుమీద ఎర్రకాయల బొమ్మ ఉన్న ప్యాకెట్టు చూపించింది. "అదిగో తాతా, దానిమీద గూడా అదే ఉంది. మిరప."

వరండాలోంచి చిన్న యేసుపాదం ఉండబట్టలేక అరిచాడు. "క గుడిస్తే కి!" మిగతావాళ్ళు అందుకున్నారు. "గ గుడిస్తే గి! చ గుడిస్తే చి!" బడి దద్దరిల్లిపోయింది.

గుడిస్తే. గుడికొస్తే కాదు, గుడిస్తే. రెబెకాకి గుడి రాదు, అంటే గుణింతంలో గుడి రాదు! చిన్నప్పుడు నేనూ అలాగే వల్లించి నేర్చుకున్నాను, తర్వాత వందలమంది చేత వల్లె వేయించాను. ఒక్కరోజు, ఒక్క నిమిషం ఆగి పిల్లనే అడిగి ఉంటే తేలిపోయేది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

దానయ్య మామ ఇంకా పిల్లవైపే చూస్తున్నాడు. "మళ్ళీ అనవే ఆ మాట."

"గుడిస్తే మి తాతా. గుడిస్తే చుక్కిచ్చిద్ది టీచరు. ఆరోజు అదే చెప్పా నీకు."

ఆయన తాడు దగ్గరికి నడిచాడు. ప్యాకెట్టు మీది అక్షరాల మీద వేలు పెట్టాడు, తర్వాత కింద పేర్చిన కాయల్ని చూశాడు. జీవితమంతా మిరపచేలల్లో గడిపిన మనిషి, ఆ మాట ఎలా ఉంటుందో అప్పుడే చూస్తున్నాడు. ఉన్నట్టుండి నామీదికి తిరిగాడు.

"ఒరేయ్ ప్రకాశూ! నాకంటే అక్షరమ్ముక్క రాదు. నువ్వు పంతులివి గదరా! నీకన్నా తెలియొద్దంట్రా? దీనికి చదువు రాదని చెప్పిందీ నువ్వే, కాయితం రాసిందీ నువ్వే! ఏదీ, ఇటియ్యి."

జేబులోంచి తీసిచ్చాను. ఆయన దాన్ని చాంద్‌బీ చేతిలో పెట్టాడు. ఆమె తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. అది చేతులు మారేటప్పుడే రత్నం టీచరు దానిమీది నా చేతిరాత చూసింది. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు.

"అదట్టా ఉంచి," అన్నాడు మామ, గొంతు తగ్గించి. "మరి బొట్టుబిళ్ళలెందుకమ్మా? కొట్టులో ఇంకేం దొరకలేదా?"

ఆవిడ గాజులపెట్టె తెచ్చి మూత తీసి ఆయన ముందు పెట్టింది. అట్టలకట్టలు, ఎర్రవి, పచ్చవి, మెరుపులవి. అంచులు పసుపురంగుకి తిరిగాయి.

"కొన్నవి కావండీ. మావారికి దర్శిలో చిన్న ఫ్యాన్సీషాపు ఉండేది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన పోయారు. షాపు ఖాళీ చేసి అన్నీ ఎవరికో ఇచ్చేశాం. ఈ పెట్టె మాత్రం ఆయనే నాకోసం పక్కన పెట్టింది. పారేయడానికి మనసొప్పలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గాని, అద్దం ముందుకెళ్తే నాకే చెయ్యి లేవలేదు. పిల్లలకైనా పనికొస్తాయి కదా అని తెచ్చాను. మీ ఇళ్ళల్లో పెట్టుకోరని తెలిసే చేతిమీద పెట్టుకోమన్నానండీ."

చాంద్‌బీ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆమె చెప్పబోయిన ఇంకో కారణం అదేనని నాకప్పటికి బుర్రకెక్కింది.

"మరి మాతో చెప్పలేదేమమ్మా? మనమ్మాయి మనమ్మాయి అంటుంటే ఊరుకున్నావేం?" అన్నాడు మామ. ఆ అడగడంలో కోపం లేదు.

ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంది. "చెప్పాల్సిందేనండీ, తప్పు నాదే. ఆరోజు మీరు మనమ్మాయి అంటూ మజ్జిగ తాగుతావా అన్నారు. నన్ను ఎవరైనా మనమ్మాయి అని అప్పటికి నాలుగేళ్ళయింది. కాదు అనడానికి నోరు రాలేదు."

దానయ్య మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమటేనని ఇప్పటికీ అంటాడు. "చార్టు మీద అంటించుకోనీ, చేతులమీద పెట్టుకోనీ. మొహాన మాత్రం వద్దమ్మా, అది మా పద్ధతి."

"అలాగేనండీ."

ఈ మాటలేవీ రెబెకాకి పట్టలేదు. టీచరు కొంగు పట్టుకుని గుంజుతోంది. "టీచర్, నాకు గుడొచ్చింది గదా. చుక్క?"

ఆవిడ నవ్వి చార్టు మీద పదో చుక్క అంటించింది. పిల్ల వేలు పెట్టి ఒకటి నుంచి పది దాకా తడిమి చూసుకుంది. గంట దగ్గరికి పరిగెత్తుతుందనుకున్నాను. పరిగెత్తలేదు. పెట్టెలో వెతికి కుంకుమరంగు బిళ్ళ ఒకటి తీసింది.

"ఇది మీకు టీచర్. మీరు చెప్పబట్టే గదా నాకొచ్చింది."

రత్నం టీచరు పిల్ల ఎత్తుకి కింద కూర్చుని చెయ్యి చాపింది. రెబెకా తల అడ్డంగా ఊపింది.

"చేతిమీద మాకు టీచర్. మొహాన పెట్టుకుంటే తాత కొడతాడు. మిమ్మల్నెవరు కొడతారు?"

అని, కింద కూర్చున్న ఆవిడ నుదుటిమీద, కనుబొమల మధ్య, నాలుక బయటపెట్టి గురిచూసి మరీ అంటించేసింది. ఆవిడ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రెబెకా అప్పుడు పరిగెత్తింది. వేళ కాని వేళ, పదకొండున్నరకి, రెండు చేతులతో ఇనుపకడ్డీ ఎత్తి నా గంట మోగించింది. ఆపమని నేననలేదు. లాంగ్‌బెల్లు అనుకుని పిల్లలంతా పుస్తకాల సంచులు తీసుకుని అన్నానికి కూడా ఆగకుండా ఇళ్ళకి పారిపోతుంటే, చాంద్‌బీ గరిటె పట్టుకుని వాళ్ళ వెంటపడి వెనక్కి తోలుకొచ్చింది.

సాయంత్రం ఎప్పటిలాగే దర్శి వైపు వెళ్ళే సుభానీ ఆటో వచ్చింది. ఆవిడకి క్షమాపణ చెప్పాలని గేటుదాకా వెళ్ళాను. "సోమవారం నుంచి ఒకటో తరగతి నేనూ చూస్తానండీ," అన్నాను. ఆవిడ సరేనని తలూపి ఆటో ఎక్కింది.

బొట్టు ఇంకా నుదుటనే ఉంది. పిల్ల ముచ్చటకి ఉంచుకుంది, ఊరు దాటేలోపు తీసేస్తుందనుకున్నాను. ఏం చెయ్యను, నా బుర్ర అటే పోతుంది. దర్శిలో దిగితే వీధిలో వాళ్ళు చూస్తారు, ఇంట్లోవాళ్ళు చూస్తారు. ఎలా ఉంచుకుంటుంది? గేటు పట్టుకుని అక్కడే నిలబడి చూశాను. ఆవిడ డ్రైవరు పక్కనున్న అద్దంలోకి వంగింది. చెయ్యి మెల్లగా నుదుటి దాకా లేచింది. అదిగో, తీసేస్తోంది అనుకున్నాను.

నాలుగేళ్ళనాటి బిళ్ళ, జిగురు ఆరిపోయి ఒకవైపు లేచినట్టుంది. ఊడిపోకుండా వేలితో గట్టిగా అదిమింది.